కుక్కర్ నాలుగు విజిల్స్ లోపు

కూర్మన్నపాలెం, విశాఖపట్నం
మే 17

బుజ్జీ,

మొన్న ఆదివారం మీరు వెళ్ళాక మేడ మీద గది సర్దుతుంటే నా రంగుల డబ్బా మూత మీద నీలం వేలిముద్ర ఒకటి కనిపించింది. మీవాడిది. తుడవలేదు, అలాగే ఉంచేశాను. వాడు బ్రష్షు నీళ్ళలో ముంచి గచ్చు మీద చేప వేస్తుంటే నువ్వు వెనకాలే గుడ్డ పట్టుకుని తుడుస్తూ ఒక మాటన్నావు. "నాకింక ఇవన్నీ కుదరవు మావయ్యా. రిటైరయ్యాక చూసుకుంటా" అని. నేను జవాబు చెప్పేలోపు కింద క్యాబ్ హారన్ కొట్టింది.

ఫోన్లో చెప్పొచ్చు. కానీ నువ్వు స్పీకర్లో పెట్టి గిన్నెలు తోముకుంటూ "ఊఁ... ఊఁ..." అంటావు, నాకు తెలుసు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఒక్కసారే చదవక్కర్లేదు. ఫ్రిజ్ మీద పెట్టుకుని నాలుగు రోజులు చదువు, పాచిపోయే వస్తువు కాదు.

ముందు ఆ రిటైర్మెంటు సంగతి తేల్చేద్దాం. ముప్పై ఏళ్ళు స్టీల్ ప్లాంటులో షిఫ్టులు చేశాను. అన్నేళ్ళూ మనసులో ఒకటే లెక్క, రిటైరైతే పొద్దస్తమానం బొమ్మలే అని. 2019 మార్చిలో రిటైరయ్యాను. పీఎఫ్ డబ్బు చేతికి రాగానే చెక్క ఈజిల్ కొన్నాను. పూర్తి కాటన్‌తో చేసిన విదేశీ కాగితం పది షీట్లు తెప్పించాను. వెలుతురు రోజంతా ఒకేలా ఉంటుందని మేడ మీద గదికి ఉత్తరం వైపు కిటికీ పెట్టించాను. మేస్త్రీ నవ్వాడు కూడా, ఎవరైనా తూర్పు అడుగుతారు, మీరేటండీ ఉత్తరం అంటారు అని.

అన్నీ అమిరాక ఎనిమిది నెలలు ఒక్క బొమ్మ వేయలేదు. ఒక్కటంటే ఒక్కటి.

పొద్దున్న పేపరు, రెండో టీ, కూరగాయలకి గాజువాక, బ్యాంకులో ఏదో ఫారం, మధ్యాహ్నం కునుకు. సాయంత్రమైతే రేపుంది కదా అనుకోవడం. పైగా ఆ కాగితం ఖరీదు గుర్తొస్తే చేయి ముందుకు వెళ్ళేది కాదు. దాని మీద పిచ్చి గీత పడితే డబ్బు మట్టిపాలే అనిపించేది. ఒకరోజు ఉండబట్టలేక పాత ట్రంకు పెట్టె దింపి, డ్యూటీలో ఉన్నప్పుడు గీసిన కార్డులు లెక్కపెట్టాను. హుద్‌హుద్ తుఫానులో తడిసి ముద్దయిపోయినవి పోగా పంతొమ్మిది వందల చిల్లర తేలాయి. ముప్పై ఏళ్ళకి పంచితే వారానికి ఒకటి పైచిలుకు. గొప్ప లెక్కేం కాదు. కానీ ఒళ్ళు హూనమయ్యే షిఫ్టుల మధ్య అవన్నీ వేసినవాణ్ణి, చేతినిండా ఖాళీ దొరికాక సున్నా దగ్గర ఆగిపోయాను. కాబట్టి రిటైర్మెంటు మీద ఆశ పెట్టుకోకు. అది నేను చూసొచ్చిన ఊరే, అక్కడ ఏమీ లేదు.

మరి ఏం చేయాలంటావు. మా ప్లాంటు కథ ఒకటి చెప్తాను, విసుక్కోకు. నేను ఉక్కుని సన్నటి రాడ్లుగా సాగదీసే వైర్ రాడ్ మిల్లు మనిషిని గానీ, నా పక్క క్వార్టరాయన కోక్ ఓవెన్స్‌లో చేసేవాడు. బొగ్గుని గాలి తగలకుండా వేడిచేసి కోక్ చేసే పొయ్యిలవి, వరసగా గోడలు గోడలుగా ఉంటాయి. వాటినొకసారి వెలిగించారంటే మళ్ళీ ఆర్పరు, ఏళ్ళ తరబడి. ఎందుకంటే లోపలి గోడలు సిలికా ఇటుకలతో కడతారు. వేడెక్కినప్పుడు ఆ ఇటుక వ్యాకోచిస్తుంది. చల్లారనిస్తే కుంచించుకుపోయి బీటలు తీస్తుంది. కొత్త బ్యాటరీని, అంటే అలాంటి పొయ్యిల వరసని, వేడెక్కించడానికే రెండు మూడు నెలలు పడుతుంది, రోజుకి కాస్త కాస్తగా. అందుకని బొగ్గు తక్కువైనా, ఉత్పత్తి వద్దనుకున్నా, సమ్మె జరిగినా, కోక్ తీయడం తగ్గిస్తారు గానీ వేడి మాత్రం నిలబెడతారు. ఆ రోజుల్లో అక్కడ పనేమీ జరుగుతున్నట్టు కనబడదు. కానీ గోడలు వెచ్చగా ఉంటాయి.

నాకు రిటైరయ్యాక జరిగింది గోడలు చల్లారడం. నీకు పెళ్ళయ్యాక జరుగుతున్నదీ అదే. రోజుకి రెండు గంటలు ఎక్కణ్ణించి తేవాలా అని నువ్వు చూస్తున్నావు. ఆ రెండు గంటలు నీకు ఇప్పట్లో దొరకవు, నేను అబద్ధం చెప్పను. నాలుగేళ్ళ పిల్లాడు, రుషికొండ కొండ మీద ఆఫీసు, రాత్రి తొమ్మిదింటికి కాల్స్. ఇప్పుడు నీకు కావలసింది వేడి నిలబెట్టుకోవడం. దానికి రోజుకి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు మాత్రం ఎగ్గొట్టకూడదు.

పది నిమిషాలు ఎక్కడున్నాయో నేను చూశాను కాబట్టి చెప్తున్నాను. పోయిన సంక్రాంతికి మీ ఇంట్లో నాలుగు రోజులున్నాను కదా. పొద్దున్నే నువ్వు కుక్కర్ పెడతావు, పప్పుకి నాలుగు విజిల్స్ రావాలి. అంతవరకు వంటింట్లోంచి కదలలేవు, కదిలితే విజిల్స్ లెక్క తప్పుతుంది. ఆ కాసేపూ గట్టుకి ఆనుకుని ఫోన్ చూస్తావు. నేను గడియారం పెట్టి చూశాను, పదకొండు నిమిషాలు. తప్పు పట్టడం లేదు. నేనూ చూస్తాను ఫోన్. కానీ ఆ పదకొండు నిమిషాలూ నీ ఎదురుగా గట్టు మీద ఏముంటాయి? వంకాయలు, పచ్చిమిరపకాయలు, సగం కోసిన ఉల్లిపాయ. నాలుగు వంకాయలు పక్కపక్కన పెడితే ఏ రెంటి మెరుపూ ఒకలా ఉండదు. కోసే ముందు ఒకటి గీయి. కూర ఎలాగూ అవుతుంది.

దానికి సామాను చేతికి అందేలా ఉండాలి. నీ రంగులెక్కడున్నాయి చెప్పు? మంచం కింద సూట్‌కేసులో, దాని మీద చలికాలం దుప్పట్లు. అది తీసి, విప్పి, సర్దుకుని కూర్చునేసరికి విజిల్స్ అయిపోతాయి. వేయాలనిపించిన క్షణానికీ గీత పడే క్షణానికీ మధ్య అర నిమిషం కంటే ఎక్కువుంటే ఆ బొమ్మ పడదు. ఇది నా అనుభవం. సామాను పోపుల డబ్బా పక్కన ఉండాలి. ఒక నల్ల పెన్ను, ఆరో నంబరు గుండ్రటి బ్రష్షు ఒకటి, రంగులు రెండే. నీలానికి అల్ట్రామెరీన్ బ్లూ, గోధుమకి బర్న్ట్ సియెన్నా. రెండేనా అనకు. ఈ రెండూ కలిపితే బూడిదరంగు వస్తుంది. నీలం ఎక్కువైతే శ్రావణంలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీద పట్టే మబ్బు. గోధుమ ఎక్కువైతే పోర్టులో తుప్పు పట్టిన ఓడ. మన ఊరికి ఈ రెండూ సరిపోతాయి. పచ్చరంగు కావాలని ఏడుపొచ్చిన రోజున మూడోది కొనుక్కుందువు గాని.

కాగితానికి డబ్బు పెట్టకు. ఇంట్లో పడున్న శుభలేఖలు తీయి. లోపలి అట్టకి వెనకవైపు ఖాళీగా ఉంటుంది. మెరిసేవి పనికిరావు, వాటి మీద నీళ్ళు పూసలు కట్టి జారిపోతాయి. కాస్త గరుకుగా ఉన్నవి ఏరుకుని అరచేయంత ముక్కలు కత్తిరించి రబ్బరు బ్యాండు వేసి పెట్టుకో. నా పంతొమ్మిది వందల్లో ముప్పాతిక వంతు అవే. వెనక్కి తిప్పితే ఎవరెవరివో పెళ్ళిళ్ళు, "మీ రాకను మనసారా కోరుతూ" అని. వాటిలో రెండు జంటలు తర్వాత విడిపోయాయి కూడా, బొమ్మలు మాత్రం ఉన్నాయి. అరచేయంత ముక్క మీద భయం ఉండదు. పాడైతే చెత్తబుట్ట, దానికి పెద్ద బాధ లేదు.

మన ఊరి గాలి గురించి కూడా ఒక మాట. సముద్రపు తేమకి రంగు త్వరగా ఆరదు. వానాకాలమైతే ఒక వాష్, అంటే నీళ్ళు కలిపిన పలచటి పూత, వేశాక పావుగంటైనా తడిగానే ఉంటుంది. నీకు ఓపిక లేక దాని మీదే ఇంకో రంగు వేసి బురద చేస్తావు, చిన్నప్పట్నుంచీ నీకదే అలవాటు. ఇప్పుడు అదే నీకు కలిసొస్తుంది. మధ్యలో ఆగమని వాటర్ కలర్ తనే అడుగుతుంది. పొద్దున కుక్కర్ దగ్గర మొదటి వాష్ వేసి వదిలేసి ఆఫీసుకి పో. రాత్రికి ఆరుతుంది. అప్పుడు నీడ ఒక్కటి వేసి పడుకో. నా మటుకు నేను ఎప్పుడూ ఒకటి సగంలో ఉంచేవాణ్ణి, పెరుగు గిన్నెలో తోడుకి గరిటెడు మిగిల్చినట్టు. ఖాళీ కాగితం ముందు కూర్చోవడం కంటే సగం బొమ్మ ముందు కూర్చోవడం తేలిక. డబ్బా మాత్రం వారానికోసారి ఎండలో పెట్టు, లేకపోతే రంగుల మీద బూజు పడుతుంది.

ఇక్కడిదాకా రాసి చూపిస్తే మీ అత్తయ్య చదివి, "బాగానే చెప్తున్నారు గానీ, మీరు బొమ్మలేస్తుంటే కాఫీ నేను తెచ్చాను. అది వేస్తుంటే ఎవరు తెస్తారు?" అంది. కాసేపు పెన్ను పక్కన పెట్టేశాను.

నిజమే. సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, దిగి పొద్దున్న ఆరున్నరకి ఇంటికొచ్చి, పడుకునే ముందు వరండాలో ఇరవై నిమిషాలు గీసుకునేవాణ్ణి. పిల్లలు అటు రాకుండా కాపలా కాసింది ఆవిడ. నా టైమ్ నేను సంపాదించానని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. అందులో సగం ఆవిడ జేబులోది.

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. ఉక్కునగరంలో క్వార్టర్‌లో ఉన్నన్నాళ్ళూ ధనుర్మాసం నెల్లాళ్ళూ తెల్లవారుజామున ఆవిడ వాకిట్లో నీళ్ళు చల్లి ముగ్గు పెట్టేది. పదిహేను చుక్కలు, సందుచుక్క, ఎనిమిది వచ్చేవరకు. చేత్తో కొలవకుండా, తాడు పట్టకుండా వరస తప్పేది కాదు. నేను నైట్ డ్యూటీ చేసి వచ్చేసరికి పూర్తయిపోయేది. చక్రం తగలకుండా స్కూటరు పక్కనుంచి నెట్టుకుంటూ లోపలికి వచ్చేవాణ్ణి, అంతే. ఆగి చూసింది తక్కువ. ఎనిమిదింటికల్లా పాలవాడి సైకిలూ పిల్లల కాళ్ళూ పడి అది చెదిరిపోయేది. మర్నాడు ఇంకోటి. ముగ్గుల కోసం ఆవిడకొక పొడుగు పుస్తకం ఉండేది, చుక్కలన్నీ పెన్సిల్‌తో. ముప్పై ఏళ్ళలో నేను మానేసిన రోజులున్నాయి గానీ ఆవిడ ఒక్క ఏడూ మానలేదు. "నీకు టైమ్ ఎలా దొరుకుతోంది" అని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఎందుకంటే ముగ్గు ఇంటి పని కింద లెక్క. ఇంటి పని కింద జమైన దానికి ఎలాగో టైమ్ దొరుకుతుంది. సరదా కింద జమైనదానికి దొరకదు. నీ బొమ్మ ఇప్పుడు ఆ రెండో ఖాతాలో ఉంది.

దాన్ని మొదటి ఖాతాలోకి మార్చాలి. అల్లుడు మంచివాడే. "నువ్వు వేసుకో, ఎవరొద్దన్నారు" అంటాడు. ఆ మాట మంచిదే గానీ దానికి వారం, గంట లేవు. అందుకని ఒక వారం, ఒక గంట నువ్వే చెప్పు. ఆదివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు. ఆ గంటన్నరా పిల్లాడు నాన్నతో బీచికి వెళ్తాడు, ఇసుకలో ఆడుకుంటాడు, మొక్కజొన్నపొత్తు తింటాడు. ఫ్రిజ్ మీద క్యాలెండర్లో పాలవాడి లెక్క, గ్యాస్ బుకింగ్ పక్కనే అది కూడా రాయి. చెప్పేటప్పుడు "ప్లీజ్, ఒక్క గంట" అని గొణక్కు. "గ్యాస్ బుక్ చేయాలి" అని ఏ గొంతుతో చెప్తావో అదే గొంతుతో చెప్పు. మొదటి రెండు వారాలు మీ అత్తగారికి వింతగా ఉంటుంది. మూడోవారం ఆవిడే "దానికి ఆదివారం బొమ్మల టైమండీ" అని పక్కింటివాళ్ళకి చెప్తుంది. అలవాటు పడ్డ ఇల్లు తనే కాపలా కాస్తుంది.

ఉద్యోగం అడ్డం అంటున్నావు కదా, దాని మీద నాకు వేరే అభిప్రాయం ఉంది. రావిశాస్త్రి గారు మన ఊళ్ళోనే వకీలుగా పనిచేస్తూ కథలు రాశారు. కోర్టుల చుట్టూ తిరిగే బీదాబిక్కీ, సాక్షులు, పోలీసులు, దొంగసారా వాళ్ళూ ఆయన కథల్లోకి నడిచొచ్చారు. వకీలు పని మానేసి కూర్చునుంటే ఆ మనుషులు ఆయనకి ఎక్కడ తగిలేవారు? అంత పెద్దాయనతో పోలిక తెస్తున్నానని నవ్వకు గానీ, గుండ్రాన్ని పక్కనుంచి చూస్తే కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తుందే, అది గీయడం నాకు నేర్పింది వైర్ రాడ్ మిల్లే. ఎర్రగా కాలిన రాడ్డు, చుట్టలు తిప్పే లేయింగ్ హెడ్‌లోంచి రింగులు రింగులుగా కన్వేయర్ మీద పడుతుంది. ఒకదాని మీద ఒకటి కొంచెం కొంచెం జరిగి పరుచుకుంటాయి. మొదట్లో నారింజ రంగు, కన్వేయర్ సాగేకొద్దీ మందారం రంగు, చివరికి బూడిద. పల్పిట్ అనే కంట్రోల్ గదిలో కూర్చుని ఎనిమిది గంటలు అవే చూడాలి. ఎక్కడైనా రాడ్డు దారి తప్పి కోబుల్ పడిందంటే, ఎర్రటి తీగ చుట్టలు చుట్టుకుంటూ పైకి లేస్తుంది. మిల్లు ఆపి, కోసి, లాగి పారేసేసరికి చొక్కా తడిసిపోయేది. అలాంటి రాత్రి ఇంటికొచ్చి కళ్ళు మూసుకుంటే ఆ చిక్కు రెప్పల మీద కనిపించేది. లేచి గీసేవాణ్ణి. ప్లాంటులో బొమ్మ వేయడానికి వీల్లేదు, కుదరదు కూడా. కానీ చూడ్డానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

నువ్వు రోజూ క్యాబ్‌లో బీచ్ రోడ్డు మీదుగానే వెళ్తావు. ఆ కుదుపుల్లో గీయొద్దు, కళ్ళు తిరుగుతాయి. ఒక్కటే చూడు. ఇవాళ లంగరేసి నిలబడ్డ ఓడలు, వాటిలో ఏది ఖాళీగా పైకి తేలి ఉంది, ఏది బరువుతో దిగి ఉంది. రేపు జోడుగుళ్ళపాలెం దగ్గర ఒడ్డుకి లాగిన తెప్ప, దాని వంపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది. ఆఫీసులో సిస్టమ్ ఆన్ అయ్యే మూడు నిమిషాల్లో గుర్తున్నంత గీయి. తప్పులుంటాయి. మర్నాడు అదే చోటు దాటేటప్పుడు ఏం తప్పు వేశావో నీ కళ్ళే వెతుక్కుంటాయి. నా దృష్టిలో ఇంతకంటే మంచి డ్రాయింగ్ క్లాసు లేదు.

క్లాసు అంటే గుర్తొచ్చింది. వారాంతాల్లో ఆన్‌లైన్ కోర్సు చేరతానన్నావు. ఇప్పుడొద్దు. ఫీజు కట్టాక వీడియోలు మిగిలిపోతాయి, దాని టెన్షన్ ఒకటి. అది అలాగ వదిలేయ్. వేసిన ప్రతిదీ స్టేటస్‌లో పెట్టకు. నేను ఉద్యోగంలో ఉండగా నగరంలో ఒకచోట ప్రదర్శనకి ఎనిమిది బొమ్మలు ఫ్రేములు కట్టించి ఇచ్చాను. ఫ్రేములకి అయిన ఖర్చు అప్పటి నా జీతంలో పావు వంతు. ఒక్కటీ అమ్ముడుపోలేదు సరే, వెనక్కి ఇచ్చినవి ఆరే. మిగతా రెండూ ఏమయ్యాయంటే ఒకరి మీద ఒకరు చెప్పారు. ఆ కోపంలో నాలుగు నెలలు బ్రష్షు ముట్టలేదు. బొమ్మలు పోయినందుకు బాధ లేదు, ఆ నాలుగు నెలలు పోయినందుకే బాధ. జనానికి చూపించొద్దని కాదు, చూపించడానికి తొందర లేదని.

ఫోన్ గురించి సుద్దులు చెప్పను, నువ్వు వినవు. ఒకటే చెప్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరి మీదే తీరం దాటింది కదా. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు, టీవీ లేదు. నీళ్ళ కోసం లైనులో నిలబడటం, విరిగిన కొమ్మలు ఎత్తడం, ఒళ్ళు విరిగేంత పని. ఆ వారంలో నేను వేసినవి ఇరవై మూడు. వేళ్ళతో సహా లేచిపోయిన చెట్లే అన్నీ. మళ్ళీ ఏ వారమూ అన్ని వేయలేదు.

ఇంక కుదరని రోజుల సంగతి. వాడికి జ్వరం వస్తుంది, మార్చి నెలాఖరులు వస్తాయి, చుట్టాలు దిగుతారు. ఆ రోజు కార్డు మీద తేదీ వేసి ఒక గీత గీసి పెట్టేయ్. వేడి నిలబెట్టడం అన్నాను చూడు, అదే. 2003లో మీ అమ్మమ్మ ఐసీయూలో పదకొండు రోజులుంది. నువ్వప్పుడు చిన్నదానివి, మీ అమ్మా నేనూ వంతులు వేసుకుని కూర్చునేవాళ్ళం. బొమ్మ వేసే మనసెక్కడ ఉంటుంది. కానీ ఐసీయూ తలుపు బయట చెప్పులు విడిచి వెళ్ళాలి. లోపలికి వెళ్ళినవాళ్ళవి అన్నీ వరసగా ఉండేవి. హవాయి చెప్పులు, పల్లెవాళ్ళ టైరు చెప్పులు, ఒక చంటిపిల్ల మెరుపుల చెప్పుల జత. మందుల చీటీ వెనక రోజుకో జత గీశాను. పదకొండు చీటీలు ఉన్నాయి. తొమ్మిదో రోజుది మీ అమ్మవి. ఎడమ చెప్పు పట్టీ తెగిపోతే పిన్నీసు పెట్టుకుంది, ఆ పిన్నీసు కూడా పడింది బొమ్మలో. నీ దగ్గర ఉండాల్సింది అది, ఈ కవర్లోనే పెడుతున్నాను. మడత పెట్టకు.

ఇక చివరిది, తొందరగా చెప్పేస్తాను, పోస్టు వేళవుతోంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మన తూర్పు తీరంలో మరబోట్లు వేటకి వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం. బొమ్మలేసేవాళ్ళకి ఇంతకంటే మంచి రోజులు లేవు. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ పక్కపక్కన కట్టేసి ఉంటాయి, కదలవు. వలలు బాగుచేసుకుంటారు, బోట్లకి రంగులేస్తారు, ఇంజన్లు విప్పి పెడతారు. ఏటా ఈ రెండు నెలల్లో నాలుగైదుసార్లు వెళ్తాను. 2023 మేలో ఒక పచ్చబోటు వేశాను, ముందుభాగం మీద కన్ను గీసి ఉండేది. ఆ నవంబరులో హార్బర్‌లో మంటలొచ్చి పదుల కొద్దీ బోట్లు కాలిపోయాయి. మర్నాటి వేసవికి వెళ్ళి చూపిస్తే, వల అల్లుకుంటున్న పెద్దాయన ఆ కార్డు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "ఇది మా తమ్ముడుదేనండి, కాలిపోనాది" అన్నాడు. కార్డు ఆయనకే ఇచ్చేశాను.

నిషేధం ఇంకా నాలుగు వారాలుంది. వచ్చే శనివారం నీకు సెలవే కదా. ఈ రోజుల్లో ఐదున్నరకే తెల్లారిపోతోంది, ఎనిమిది దాటితే ఎండకి నిలబడలేం. ఆరింటికి హార్బర్ గేటు దగ్గర టీ బడ్డీ ముందు ఉంటాను. పిల్లాణ్ణి తీసుకురా, వాడికి ఒక బ్రష్షు తెస్తాను, చేపలు ఇక్కడ గచ్చు మీద వేసుకోవచ్చు, ఎవరూ తుడవరు. టోపీలు మర్చిపోకు. అత్తయ్య ఫ్లాస్కులో కాఫీ పోసి తనూ వస్తానంటోంది, చాన్నాళ్ళయింది సముద్రం చూసి అని. ఆవిడ ముగ్గుల పుస్తకం కూడా తెమ్మన్నాను. ఎందుకూ అంది. చెప్పలేదు.

రెండు రంగులు, బ్రష్షు, కత్తిరించిన కార్డులు నలభై వేరే పొట్లంలో పంపుతున్నాను. దాంతోపాటు ఉన్న సీసా మాగాయ. దాని మూత గట్టిగా బిగించు, కార్డులకి నూనె అంటితే పెన్ను పడదు.

మీ మావయ్య